పలక మీద తగ్గించిన రెండు వందల కేజీలు

ఆరేళ్లుగా ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగలేను, కక్కలేను. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెప్పడం సులువు.

మాది అంగళ్ల కుటుంబం. కొసరు లేకుండా కొత్తిమీర కట్ట కూడా కొనం. పాత ఫ్రెంచి వీధులుండే వైట్ టౌన్‌లో నాకో చిన్న గెస్ట్‌హౌస్ ఉంది. అతిథులను తిప్పడానికి, జీపు వెనక తగిలించి లాగే కారవాన్ ఒకటి తట్టాంచావడి వర్క్‌షాపులో చేయించాను. చక్రాల మీద చిన్న గది అనుకోండి. మేస్త్రీ ధర దగ్గర దిగలేదు. సరే, కొసరు మీద పడ్డాను. వంటగట్టుకు నల్లరాయి. పెద్ద నీళ్ల ట్యాంకు. ఇనుప బీరువా. అన్నీ వెనక భాగానికే చేరాయి. ఎంత మురిసిపోయానో!

కాటా మీద పెడితే తొమ్మిది వందల యాభై కేజీలు. నా జీపు లాగగలిగేది ఏడు వందల యాభై. రాయి తీసేద్దామన్నాడు మేస్త్రీ. ఊరికే వచ్చిన రాయిని! బండికి కొట్టే పలక మీద అసలు బరువే ఉండాలి, అది రూలు అన్నాడు. నేను బరువును కూడా బేరమాడాను. అరగంటలో రెండు వందల కేజీలు తగ్గించాను, పలక మీద. రోడ్డు మీద బండి నా మాట వినదని తోచలేదా? తోచింది. తోచనట్టు ఉన్నాను.

మొదటిసారి తోలింది నెల్లితోపులో మా పొరుగింటి గోవిందు మామ. నేను పక్క సీట్లో కూర్చున్నాను. టౌన్ బస్సు నడిపి రిటైరయ్యాడు. పలక చూసి, "ఇంతేనా? పూలబుట్ట మాదిరి లాగేస్తా" అన్నాడు. మరక్కాణం రోడ్డులో కారవాన్ వెనక బరువుకు అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. మామ జీపును ఎలాగో నిలబెట్టాడు. కారవాన్ మాత్రం కొక్కెం తెగి పక్కనున్న ఉప్పుమడిలో పడుకుంది. మాకు దెబ్బల్లేవు. తెచ్చుకున్న సాంబారంతా నా నెత్తిన.

మామ తన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

"ఏందిరా ఇది, నా చేయి వొణికిందా?"

"నేను చూడలేదు మామా."

"వొణికే ఉంటాది. ఇంత తేలిక బండి యాడన్నా ఊగుతాదా? వయసైపోయిందప్పా."

"పోనీలే మామా. నేనేమన్నా అంటినా?"

"నువ్వు మంచోడివిరా. ముందు ఆ నెత్తిమీద మునక్కాయ తీసెయ్."

నా తప్పుకు ఆయన్ని క్షమించి, మంచివాడిననిపించుకున్నాను. చూడండి తెలివి!

వారంలోనే రాయి తీయించాను, పలక మార్పించాను. ఆ మాట మాత్రం మామకు చెప్పలేదు. ఆయన మళ్లీ స్టీరింగ్ ముట్టలేదు. మార్కెట్టుకు బస్సులో పోతాడు. డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, ప్రతి మలుపులో లేని బ్రేకు తొక్కుతాడు. చూసి నవ్వుతాను. తర్వాత ఆ పూట అన్నం దిగదు.

మామ ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ, బడిలో నేర్చింది అరవం; తెలుగు అక్షరం చదవలేడు. అందుకేనా తెలుగులో రాస్తున్నాను? అవును. ఒప్పుకోలులోనూ బేరమే! రాసి చూసుకుంటే నాకే నవ్వూ సిగ్గూ వచ్చాయి. ఇంతవరకు రాసి, కాగితం పట్టుకుని పక్కింటికి వెళ్లి, ఒక్క మాట వదలకుండా పైకి చదివాను. చదువుతుంటేనే ఒళ్లు తేలికైంది.

మామ చివరిదాకా విన్నాడు. పోనీలే అనలేదు. లేచి చెప్పులేసుకుని, జీపు తాళం కోసం చేయి చాచాడు.

ఇచ్చాను. నన్ను ఎక్కమనలేదు.