పిన్ని దుప్పటి మీద శుక్రుడు

పొద్దున్నే కొట్టు తలుపు తీయగానే మా పిన్ని చేసే మొదటి పని, ముందురోజు ఆరిన దుప్పట్లలో ఒకదాన్ని రెండు చేతులా ఎత్తి ఎండకు పట్టి చూడడం. ఎక్కడైనా ఆవగింజంత మరక కనబడిందా, ఆ దుప్పటి మళ్లీ తొట్టిలోకే. కనబడకపోతే కళ్లు మూసుకుని చేతులు జోడించేది. ఆ దండం సూర్యుడికో దుప్పటికో దేవుడికే తెలియాలి.

“మా ఆవిడ కంటబడ్డాక బతికి బట్టకట్టిన మరక లేదండీ” అని బాబాయి ఇస్త్రీ చేస్తూ వచ్చినవాళ్లకల్లా చెప్పేవాడు.

పదేళ్లుగా ఆసుపత్రి దుప్పట్లన్నీ పిన్నే ఉతుకుతోంది. ఆ ఏడాది యంత్రాల లాండ్రీ ఒకటి పోటీకి వచ్చింది. ఆ దుప్పట్లు పోతే కొట్టు మూతే. ఎవరికివ్వాలో వారంలో చెబుతానని వెళ్లింది ఆసుపత్రి పెద్ద నర్సమ్మ. పిన్నికి ముద్ద దిగడం లేదు.

సరిగ్గా అప్పుడే బడి నుంచి సైన్సు మాస్టారు వచ్చారు. శుక్రగ్రహం సూర్యుడికి అడ్డంగా దాటిపోతుందట. ఇది తప్పితే మళ్లీ నూట అయిదేళ్లకట. సూర్యుణ్ణి నేరుగా చూస్తే కళ్లు పోతాయి కనక, దుర్భిణిలోంచి బింబాన్ని తెరమీద పడేసి ఊరందరికీ చూపిస్తారట.

“అందుకని ఊళ్లోకల్లా తెల్లని దుప్పటి కావాలమ్మా. అది మీ దగ్గరే ఉంటుంది.”

‘తెల్లని’ అన్న మాట చెవిన పడ్డాక తక్కిన పాఠమేదీ పిన్ని తలకెక్కలేదు.

“బింబం నిలిపేచోట గుర్తుకి పెన్సిలుతో ఓ సున్నా చుట్టుకుంటాను” అన్నారు మాస్టారు.

“సున్నా చుట్టాలంటే నా మొహాన చుట్టండి మాస్టారూ, దుప్పటి మీద మాత్రం వద్దు!”

చివరికి నాలుగు పిన్నీసుల దగ్గర రాజీ కుదిరింది.

ఆ రోజు బట్టలు ఆరేసి పిన్ని బడికి వెళ్లేసరికి కాస్త ఆలస్యమైంది. కిటికీలు మూసిన గదిలో, దుప్పటి మీద బండిచక్రమంత సూర్యుడు. ముందు వరసలో పెద్ద నర్సమ్మ.

“ఎంత స్పష్టంగా ఉందో ఆ మచ్చ!” అంటోందావిడ.

పిన్ని తలెత్తి చూసింది. నిజమే, రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ! కొంగు తడుపుకుని “జరగండమ్మా, జరగండి” అంటూ జనాన్ని తోసుకెళ్లి రుద్దింది. మచ్చ ఎక్కివచ్చి ఆమె చేతి మీద కూర్చుంది. చెయ్యి తీస్తే మళ్లీ దుప్పటి మీదికి దిగింది. పళ్లు బిగబట్టి మరింత రుద్దింది.

“ఏమేవ్, అది శుక్రుడే!” గుమ్మంలోంచి అరిచాడు బాబాయి. “సబ్బుకి లొంగే రకం కాదు, వదిలెయ్!”

గదంతా గొల్లుమంది. పిన్ని కొంగులో మొహం దాచుకుంది. పెద్ద నర్సమ్మ లేచివచ్చి, ఆ తడిచేతిని తన చేతుల్లోకి తీసుకుంది.

“సూర్యుడి మీద మచ్చనే వదలనిదానివి, మా దుప్పట్ల మీద వదులుతావా తల్లీ? రేపు మనిషిని పంపు, మూటలు ఇచ్చేస్తాను.”

పిన్ని నవ్వబోయి ఏడ్చింది.

అప్పుడే ఓ ముసలాయన తడుముకుంటూ వచ్చి, తనకేమీ ఆనడం లేదన్నాడు. పిన్ని ఆయన వేలు పట్టుకుని మచ్చ మీద పెట్టింది. “ఇదిగో తాతగారూ, ఇక్కడున్నాడు.” ఆయన మొహం విప్పారింది. అది చూసి పిల్లలూ, వాళ్ల వెనక పెద్దలూ అందరూ “మాకూ, మాకూ” అన్నారు. సూర్యుడు జరిగినప్పుడల్లా మాస్టారు దుర్భిణిని సర్ది బింబాన్ని పిన్నీసుల మధ్యకే తెచ్చేవారు. మచ్చ కదిలినచోటికల్లా పిన్ని అందరి వేళ్లూ నడిపించింది.

మధ్యాహ్నం దుప్పటి దించితే ఏముంది! పిన్నీసుల మధ్య వాలుగా ఒకటే వేలిముద్రల బారు.

“దీన్ని ఉతక్కండమ్మా!” మాస్టారు చేతులు అడ్డం పెట్టారు. “శుక్రుడు నడిచిన దారి ఇది. బడిలో గోడకి పెట్టుకుంటాం.”

పిన్ని ఆ మరకల్ని ఒక్కొక్కటే చూసింది. చేతులు తొట్టికోసం లాగుతున్నట్టే ఉన్నాయి. దుప్పటిని నాలుగు మడతలు పెట్టి ఆయనకే ఇచ్చింది.

“ఒక్క ఉపకారం చెయ్యండి మాస్టారూ. మా కొట్టునుంచి వచ్చినప్పుడు దీనిమీద ఒక్క మరక కూడా లేదని కింద పెద్దక్షరాలతో రాయించండి. నూట అయిదేళ్ల తర్వాత వచ్చేవాళ్లకి తెలియొద్దూ!”