ఏం ఫీలవ్వాలో చెప్పండి సార్

మొన్న బుధవారం నా విద్యార్థులు ముగ్గురు వరసగా లేచి నిలబడి, నేను బట్టీ పట్టించిన మాటలతోనే నా ఉద్యోగానికి నీళ్ళొదిలేయబోయారు. నవ్వకండి. టీ చల్లారిపోతుంది, తాగుతూ వినండి.

నేను హనుమాన్ జంక్షన్‌కి ఇవతల, హైవే పక్కనున్న ఇంజనీరింగ్ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్ని. మెకానికల్ పిల్లలకి ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెబుతాను. పెళ్ళిచూపుల్లో మా వాళ్ళు "ఏడాదిలో పర్మనెంటండీ" అని చెప్పారు. ఆ మాటకి ఇప్పుడు ఏడేళ్ళు. మా మామగారు ప్రతి ఆదివారం ఫోన్ చేసి, నా ఆరోగ్యం సంగతి కూడా అడక్కుండా, "ఆర్డరు వచ్చిందా అల్లుడూ" అంటారు. ఆయనకి నా పేరు గుర్తుందో లేదో నాకు అనుమానమే.

అలాంటి నన్ను మూడు నెలల క్రితం ప్రిన్సిపాల్ గారు పిలిచి, మన కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ వస్తోంది, ఇంజనీరింగ్ పిల్లలకి కళలు కూడా నేర్పుతున్నామని చూపించాలి, విజువల్ ఆర్ట్ అప్రిసియేషన్ అని ఒక కోర్సు పెట్టాం, మీరే చెప్పాలి అన్నారు. సార్, నాకు బొమ్మల గురించి ఏమీ తెలీదు అన్నాను. "డ్రాయింగ్ మీదే కదండీ" అన్నారాయన. నేను గీయించేది నట్లూ బోల్టులూనని చెప్పబోతుంటే, ఈ కోర్సు కమిటీ ముందు గట్టెక్కితే మీ పర్మనెంట్ ఆర్డరు మీద చైర్మన్ గారు సంతకం పెడతారు అన్నారు. అంతే, ఆ క్షణం నుంచి నాకు కళలంటే ప్రాణం.

మొదటి క్లాసు నిజాయితీగానే చెప్పానండీ, ఒట్టు. సీఎస్ఈ, సివిల్, మెకానికల్ కలిపి అరవై మంది. సెమినార్ హాల్లో గోడకి ఒక పెద్ద పెయింటింగ్ ఉండేది. చైర్మన్ గారు హైదరాబాద్‌లో ఏదో ఎగ్జిబిషన్‌కి వెళ్ళి కొనుక్కొచ్చారు. గోడంత నీలం, మధ్యలో అరచేయంత తెలుపు. అంతే, ఇంకేం లేదు. దాని ముందు పిల్లల్ని కూర్చోబెట్టి, నెమ్మదిగా చూడండి, చూస్తే మీకేం అనిపిస్తోందో చెప్పండి అన్నాను.

ఐదు నిమిషాలు అందరూ ఒకళ్ళ నోట్సులోకి ఒకళ్ళు తొంగిచూసుకున్నారు. ఆఖరికి ముందు వరసలోంచి ఒకమ్మాయి చెయ్యెత్తి, "ఏం ఫీలవ్వాలో చెప్పండి సార్, రాసుకుంటాం" అంది.

అరవై పెన్నులూ ఒకేసారి పైకి లేచాయి. నాకు కోపం రావాలి కదా? రాలేదు. హాయిగా అనిపించింది. ఎందుకంటే నేనూ ఈ విజయవాడ కాలేజీల్లోనే చదివాను. ఇంటర్ రెండేళ్ళూ హాస్టల్లో పడేసి నా చేత మింగించింది కూడా జవాబుల కీలే. ఆ వారంలోనే పెయింటింగ్‌కి కీ తయారుచేశాను. పది పాయింట్లు, ఇంగ్లీషులో. నీలం అంటే సారో. మధ్యలో తెలుపు అంటే ఇన్నర్ ఎంప్టీనెస్ ఆఫ్ మోడర్న్ మ్యాన్. ముఖం లేకపోవడం అంటే లాస్ ఆఫ్ ఐడెంటిటీ. ఇంటర్నెట్లో నాలుగు చోట్ల వెతికి, నాకే అర్థంకాని మాటలు ఏరి పెట్టాను. అర్థమైతే ఎవడైనా ప్రశ్న అడుగుతాడు కదా.

జిరాక్సు పంచి, బాగా గుర్తుంచుకోమని ఒక సలహా కూడా ఇచ్చాను. కమిటీ వాళ్ళు ప్రశ్న తిప్పి అడగొచ్చు, మీరు కంగారుపడకండి, బొమ్మ వైపు చూస్తే తికమక పడతారు, అసలు చూడక్కర్లేదు, వచ్చింది వచ్చినట్టు అప్పజెప్పేయండి అన్నాను. ఈ సలహా మీరు కూడా గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇంటర్నల్ పరీక్ష పెడితే యాభై తొమ్మిది మందికి ఒకే ఫీలింగ్ కలిగింది. కామాలతో సహా. ఒక్క పిల్ల మాత్రం వేరేగా రాసింది. ఎస్తేరు అని, మెకానికల్. గవర్నర్‌పేటలో వాళ్ళ నాన్నకి వాచీలు రిపేరు చేసే కొట్టు ఉంది. "కుడి పక్కకి వచ్చేసరికి నీలం పలచబడిపోయింది. వేసినాయనకి రంగు అయిపోయి ఉంటుంది, మళ్ళీ కొనకుండా నీళ్ళు కలిపి లాగించేశారు" అని రాసింది. నేను వెళ్ళి బొమ్మ చూశానా? చూడలేదు. పదికి సున్నా వేసి, పక్కనే ఎర్ర పెన్నుతో "సిలబస్‌లో లేదు" అని రాశాను. కమిటీ వచ్చే రోజు ఈ పిల్లని చివరి వరసలో స్తంభం వెనకాల కూర్చోబెట్టాలని అప్పుడే అనుకున్నాను కూడా.

ఇక బుధవారం. ప్లానంతా పక్కా. బాగా అప్పజెప్పే ముగ్గురు మొదటి వరసలో. నేను కళ్ళజోడు సర్దుకుంటే సైగ, ఒకరి తర్వాత ఒకరు లేవాలి. పొద్దున్నుంచీ నన్ను గేటు దగ్గర బొకేలు ఇవ్వడానికి నిలబెట్టారు కాబట్టి హాల్లోకి వెళ్ళి చూసుకునే తీరిక లేకపోయింది. పదకొండున్నరకి కమిటీ వెనకాలే లోపలికి అడుగుపెట్టి గోడ వైపు చూశాను.

నీలం బొమ్మ లేదు.

దాని చోట చైర్మన్ గారున్నారు. ఆయిల్ పెయింటింగ్, నిలువెత్తు. వెనకాల నీలం తెర, ముందు తెల్లచొక్కా తెల్లప్యాంటుతో ఆయన, కుర్చీ చేతి మీద చెయ్యి, చేతికి బంగారు వాచీ. చేపల చెరువుల మీద పైకొచ్చి కాలేజీ పెట్టిన మనిషి. కమిటీ కళ్ళల్లో పడాలని ముందు రోజు సాయంత్రం ఎవరి చేతో వేయించిన బొమ్మ తెప్పించి, పాత బొమ్మని స్టోర్ రూములోకి పంపేశారట. నాకు ఎవరూ చెప్పలేదు. కాంట్రాక్టు వాడికి ఎవరు చెబుతారు?

చైర్మన్ గారు ఆ బొమ్మ కిందే సోఫాలో కూర్చున్నారు. వద్దు, లేవద్దు అని పిల్లలకి సైగ చేద్దామనుకున్నాను. కానీ నాకు కంగారొస్తే ముందు చెయ్యి పోయేది కళ్ళజోడు మీదకే కదండీ. పోయింది.

సీఎస్ఈ అమ్మాయి టక్కున లేచింది. ఇంగ్లీషులో మొదలుపెట్టింది, అప్పటికి నయమే. ఆ ఇంగ్లీషు ఎవరికీ అర్థం కాదు, చైర్మన్ గారికి అసలే కాదు. ఇంతలో కమిటీలో పెద్దావిడ, ప్రొఫెసర్ మేడమ్, ఎంతో ప్రేమగా, "ఇంగ్లీషు ఎందుకమ్మా, మీ మాటల్లో తెలుగులో చెప్పు" అన్నారు.

బతిమాలుతున్నట్టు ఆ పిల్ల వైపు చూశాను. అది గాల్లోకి చూస్తోంది. చూడక్కర్లేదని చెప్పింది నేనే. ఇంగ్లీషు కీని బుద్ధిగా తెలుగులోకి మార్చింది.

"ఈ నీలం దుఃఖమండి. మధ్యలో తెల్లగా కనబడేది మనిషి కాదండి. మనిషి లోపలి ఖాళీ అండి."

చైర్మన్ గారు తన తెల్లచొక్కా వంక ఒకసారి చూసుకున్నారు. ప్రిన్సిపాల్ గారు కమిటీ కోసం పెట్టిన నీళ్ళ బాటిల్ మూత తీసి గటగటా తాగేశారు.

సివిల్ కుర్రాడు లేచాడు. చుట్టూ ఇంత చోటున్నా ఆ తెలుపు పక్కన ఎవరూ లేరని, తనంటే ఎవరికీ పట్టదని దానికి తెలుసని చెప్పి కూర్చున్నాడు. మూడోవాడు మా మెకానికల్ వాడే. "దీనికి ముఖం లేదండి" అని మొదలుపెట్టి, ఖర్మ కొద్దీ బొమ్మ వైపు చూశాడు. ఎదురుగా ఇంత ముఖం, మీసాలతో సహా. ఒక్క క్షణం ఆగాడు. హమ్మయ్య, బతికాననుకున్నాను. కానీ మంచి విద్యార్థి కదా, ప్రశ్న మారినా వచ్చిందే రాయాలి.

"ముఖం ఉన్నట్టు కనిపిస్తుంది గానీ లేదండి. ఆశ పెరిగేకొద్దీ మనిషికి ముఖం చెరిగిపోతుందని చిత్రకారుడు చెబుతున్నాడండి."

మేడమ్ నోట్సులో గబగబా రాసుకుంటున్నారు. అక్కడితో వదిలిపెడితే బాగుండును. ముందు వరస వాళ్ళు చాలు, ఆ స్తంభం వెనక ఎవరో దాక్కున్నారు, నువ్వు చెప్పమ్మా అన్నారు. ఎస్తేరు లేచింది. దానికి కీ రాదు. వచ్చినా చెప్పదు. స్తంభం పక్కకి వచ్చి, తాపీగా బొమ్మని చూసింది. ఆ హాల్లో ఆ రోజు బొమ్మని నిజంగా చూసింది అదొక్కతే.

"వాచీ పదీ పది చూపిస్తోందండి," అంది. "కొత్త వాచీల ప్రకటనల్లో ముళ్ళు ఎప్పుడూ అలాగే పెడతారండి, మా నాన్న కొట్టు నిండా అవే కేలండర్లు. వేసినాయన చైర్మన్ సార్ చెయ్యి చూసి వెయ్యలేదండి, ప్రకటన చూసి వేశారు. చెయ్యి కూడా అందులోదే. వేళ్ళు సన్నగా ఉన్నాయి, అది ఎవరో కుర్రాడి చెయ్యండి."

హాలు హాలంతా ముందు బొమ్మలో చెయ్యి చూసింది, తర్వాత సోఫాలో చెయ్యి చూసింది. నిజమేనండీ. ఒకదానికీ ఒకదానికీ పోలికే లేదు. చైర్మన్ గారు నెమ్మదిగా చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నారు.

కమిటీ భోజనాలకి వెళ్ళగానే చైర్మన్ గారు నన్ను పిలిపించారు. తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఏం మాష్టారూ, నాలో ఏమీ లేదంటారా?" అన్నారు. అది పాత బొమ్మ గురించండీ అన్నాను. "పాత బొమ్మ కొన్నదీ నేనేగా" అన్నారు. దానికేం చెప్పాలో కీలో లేదు. ఆ మధ్యాహ్నం నా డ్రాయర్ ఖాళీ చేసి స్కేళ్ళూ సెట్ స్క్వేర్లూ సంచిలో సర్దేసుకున్నాను. ఆదివారం మామగారికి ఏం చెప్పాలో కూడా ఆలోచించుకున్నాను.

సాయంత్రం నాలుగింటికి మీటింగులో మేడమ్ లేచి, ఇంత జంకూ గొంకూ లేకుండా సొంత అభిప్రాయాలు చెప్పే పిల్లల్ని ఈమధ్య ఎక్కడా చూడలేదన్నారు. తన బొమ్మ మీదే, తన ముందే పిల్లల్ని అలా మాట్లాడనిచ్చిన చైర్మన్ గారి పెద్దమనసుని రిపోర్టులో ప్రత్యేకంగా రాస్తున్నామన్నారు. చైర్మన్ గారు లేచి చేతులు జోడించి, "మా దగ్గర మొదట్నుంచీ అంతేనండి" అన్నారు. జోడించిన చేతులు ఎవరూ సరిగ్గా చూసేలోపే దించేశారు లెండి.

మర్నాడు నా ఆర్డరు మీద సంతకం అయింది. అవునండీ, మీ ముందున్నది పర్మనెంటు ఉద్యోగి. కాకపోతే ఆర్డరుతో పాటు ప్రిన్సిపాల్ గారు ఒక పని కూడా అప్పగించారు. ఈసారి నుంచి ఆ బొమ్మకే కీ కావాలి, పది పాయింట్లు, అందులో చైర్మన్ గారి లోపల ఏదో ఒకటి ఉండి తీరాలి అన్నారు.

శుక్రవారం ఖాళీ హాల్లో ఆ బొమ్మ ముందు కుర్చీ వేసుకు కూర్చున్నాను. బొమ్మ అనేదాన్ని అరగంట పాటు చూడడం నా జన్మలో అదే మొదటిసారి. తెల్లబట్టలు స్వచ్ఛతకి గుర్తు అని ఒకటి రాశాను. తర్వాత ఎంత చూసినా నాకు వాచీయే కనిపిస్తోంది. పదీ పది.

వర్క్‌షాపులో ఎస్తేరుని వెతికి పట్టుకున్నాను. మొహం చెల్లకపోయినా అడిగాను, అమ్మా, ఆ బొమ్మలో నీకు ఇంకేం కనిపిస్తున్నాయి, ఒక తొమ్మిది చెప్పు అని. ఆ పిల్ల నవ్వనైనా నవ్వకుండా, అది సిలబస్‌లో లేదు కదండీ అంది. దాని ఆన్సర్ షీట్ జేబులోనే పెట్టుకుని వెళ్ళాను, తీసి అదే ఎర్ర పెన్నుతో సున్నా ముందు ఒకటి పెట్టాను. ఇప్పుడు చెప్పమ్మా, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి అని నోట్‌బుక్ తెరిచి, పెన్ను పట్టుకుని నిలబడ్డాను.

ఎస్తేరు నా మొహంలోకి కాసేపు చూసి, "ముందు ఆ కళ్ళజోడు తుడుచుకోండి సార్" అంది.

నేను అది కూడా రాసుకున్నానండీ. ఒకటో పాయింటు కింద.