ఎదుటి పక్షం వకీలు

నేను ఉండేది తాండూరులో, పని చేసేది వికారాబాదులో ఒక వకీలు దగ్గర, గుమస్తాగా. పొద్దున రైలెక్కి కోర్టు తెరిచే వేళకు దిగుతాను. లా చదవలేదు. కిరాణా దుకాణంలో కూర్చున్న రోజుల్లో లెక్కల మీద మనసు పడింది. ఆ తర్వాత కోర్టు ఫీజులు, అప్పీలు గడువులు, ఎకరాలు గుంటలు భాగాలకు పంచడం చూసి చూసి నేర్చుకున్నాను. ఒక లెక్కను మూడు తోవల్లో చేసి, మూడూ ఒక్కటైతేనే నమ్ముతాను. మేడం, అంటే మా వకీలు, ఈ అలవాటును చూసి నవ్వుతారు గానీ గడువు తారీఖు మాత్రం నన్నడగకుండా రాయరు.

మా దిక్కు ఒక పద్ధతి ఉంది. ఇంటివాళ్లు ఒప్పుకుని భూమి పంచుకున్నాక, దానికి కోర్టు ముద్ర పడాలని ఒకరు దావా వేస్తారు. లోక్ అదాలత్‌లో రాజీ అవుతారు. దావా వేసిన మనిషే ఎదుటి పక్షాన్ని కూడా తన జీపులో ఎక్కించుకుని వస్తాడు. ఆ పక్షానికీ ఒక వకీలు ఉండాలి కాబట్టి పక్క బల్ల దగ్గరి స్నేహితుడు వకాలత్ మీద సంతకం చేసి పెడతాడు. తాను ఎవరి తరఫున నిలబడ్డాడో వాళ్ల ముఖం కూడా ఆయన సరిగ్గా చూడడు. దీన్ని ఎవరూ మోసం అనుకోరు. సాటి వకీలుకు చేసే మర్యాద అనుకుంటారు.

ఆ మధ్య ఒకసారి, కందులు మార్కెట్‌కు వచ్చే రోజుల్లో, యాలాల దిక్కు నుంచి ఒక పటేలు వచ్చాడు. మేడం తండ్రి వకాలతు చేసిన కాలం నుంచి వాళ్లింటి కేసులన్నీ మా దగ్గరే. చెల్లెలితో పంపకం అన్నాడు. ఆమెను కొడంగల్ దిక్కు ఇచ్చారు. ఆయన చెప్పిన హద్దుల ప్రకారం దావా, రాజీ కాగితం నేనే తయారు చేశాను. ఇద్దరికీ చెరి ఆరెకరాలు, గుంట కూడా తేడా లేదు. కాగితం చూసుకుని పటేలు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"మేడం, చెల్లె భాగంల పాత నాపరాళ్ల గని ఉన్నది. ముప్పై గుంటలైతది. ఆ ముచ్చట మనం ఎత్తొద్దు. దాని పెండ్లయి పోయినంక తవ్విండ్రు, దానికి తెల్వదు."

నా చేయి దానంతటదే లెక్కలోకి పోయింది. ఎకరానికి నలభై గుంటలు. ఆరెకరాల్లో ముప్పై గుంటలు పోతే ఆమెకు దున్నుకోను మిగిలేది ఐదెకరాల పది గుంటలు. కాగితం మీద సమానం, చేనులో కాదు.

"పటేలా, మీరు నాకు చెప్పింది నా నోట బయటికి రాదు," అన్నారు మేడం. "మీరే ఆమెకు చెప్తే మంచిది. చెప్పకున్నా, అంత సమానమే సంతకం పెట్టమ్మా అని నేను మాత్రం అనను. ఆమెకు వేరే వకీలు కావాలె. పేరుకు గాదు, ఆమె ఎంచుకున్న వకీలు."

"పక్కన సార్ ఉన్నడు గదా, సంతకం గీకితే అయిపాయె! మీ నాయిన ఉన్నప్పుడు గిన్ని తిరకాసులు లేకుండె."

"మా నాయిన ఉన్నప్పుడు చెల్లెండ్లకు భాగమే లేకుండె పటేలా."

ఆయన నవ్వలేదు. మేడం గొంతు తగ్గించి నచ్చజెప్పారు. "రేపు ఆమె కోర్టుకొచ్చి, నాకెవ్వరు చెప్పలేదు, వకీలు గూడ మా అన్న పెట్టిన మనిషే అన్నదనుకో. మీ డిక్రీ పోతది, నా సనద్ పోతది. సనద్ లేకుంటే నేను వకీలునే గాదు. మీ మంచికే చెప్తున్న."

ఆయన విన్నాడు గానీ చెవిన పెట్టలేదు. తర్వాతి వారం చెల్లెలిని జీపులో వెంటబెట్టుకుని వచ్చేశాడు. మేడం కోర్టు హాల్లో ఉన్నారు. ఆయన చాయ్ చెప్పడానికి బయటికి పోయాడు. ఆమె నా బల్ల ముందు కూర్చుని, కొంగుతో చెమట తుడుచుకుని, నేరుగా అడిగింది.

"తమ్మీ, గీ లెక్కలు నువ్వే చేసినవంట. జర నిజం చెప్పు. నా భాగం సక్కగనే ఉన్నదా?"

ముప్పై గుంటలన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. సక్కగనే ఉన్నదంటే అబద్ధం. లేదంటే, మమ్మల్ని నమ్మి ఒక మనిషి చెప్పుకున్న మాట బజారున పడుతుంది. లెక్క ఎంత బాగా వచ్చినా, దాన్ని ఎవరికి చెప్పాలో నిర్ణయించే హక్కు నాకు లేదు.

"అక్కా, నేను మీ అన్న పక్షం మనిషిని. బాగున్నదన్నా నన్ను నమ్మకు, బాగలేదన్నా నమ్మకు. నీ వకీలును నువ్వు పెట్టుకో. ఆయనకు కాయిదం చూపెట్టు, చేను చూపెట్టు. మా మేడం గూడ గిదే అన్నది."

"గిదేం దుకాణం తమ్మీ! సౌదా ఉన్నదంటవు, తూచి ఇయ్యనంటవు!" అని నవ్వింది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని లేచింది.

పటేలు చాయ్‌తో వచ్చేసరికి కుర్చీ ఖాళీ. "ఏం చెప్పినవ్ దానికి?" అన్నాడు. వకీలును పెట్టుకొమ్మన్నానని చెప్పాను. నమ్మలేదు. మేడం రాగానే, "మీ గుమస్తా నా కొంప ముంచిండు. వచ్చే తారీఖు చూస్త. అది గని ముచ్చట ఎత్తిందో, మా కాయిదాలన్నీ కట్టియ్యండి," అని వెళ్లిపోయాడు. మేడం తండ్రి కాలం నుంచి నమ్ముకున్న ఇల్లు అది. ఒక్క బీరువా నిండా వాళ్లవే కట్టలు. మేడం నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. అది నాకు ధైర్యం, బరువు కూడా.

తారీఖు నాటికి ఆమె తాండూరు కోర్టులో చేసే ఒక పెద్ద వకీలుతో వచ్చింది. రాజీ కాగితం మీద ఒక మార్పు కావాలన్నాడు ఆయన. మాట పూర్తి కాకముందే పటేలు అందుకున్నాడు.

"గని సంగతే గదా! నాకెరుకే, గుమస్తా చెప్పిండని!"

ఆమె అన్న ముఖం వైపు వింతగా చూసింది. "గని నాకు తెల్వదనుకున్నవా? మీ ఊరి బస్సులకెల్లి దాని రాళ్ల కుప్పలు దూరంగ కానొస్తయి. ఎండకాలంల గూడ దాంట్ల నీళ్లుంటయి. గని వచ్చిందనే గదా నేను గీ భాగానికి ఒప్పుకున్నది!"

నేను తీసేసిన ముప్పై గుంటలను ఆమె కలుపుకుంది.

"మరింకేంది?" అన్నాడు పటేలు.

"సారు చేను చూడనీకి వచ్చిండు. అమ్మా, నీ చేన్లకు బండి ఎటు పోతది అని అడిగిండు. చూస్తే చుట్టుముట్టు నీదే. నాకు బాట ఏది?"

"బాట ఇయ్యనంటనా చెల్లె? గంత పరాయోన్నా?"

"నువ్వనవు. రేపు నీ కొడుకులంటే?"

"రాయాలె పటేలా. నోటి మీద బాట నిలువది," అన్నాడు పెద్ద వకీలు.

రాసింది నేనే. బాట పన్నెండు అడుగులు, పటేలు భాగం అంచు వెంట. లోక్ అదాలత్‌లో జడ్జి గారు ఇది మీకు ఎవరు వివరించారమ్మా అని అడిగితే, ఆమె తన వకీలును చూపించి, "గీ సారు. బూట్లిప్పి చేన్లకు గూడ దిగిండు," అంది. హాలంతా నవ్వింది.

వరండాలో పటేలు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"నిజంగ నువ్వు చెప్పలేదా?"

"చెప్పలేదు పటేలా."

"అయితే నా కడుపుల ముచ్చట అందరి ముందల కక్కింది నేనేనా!" అని తల కొట్టుకుని, మేడం వైపు తిరిగాడు. "మా కాయిదాలు ఆడనే ఉండనీయుండ్రి. మా బామ్మర్దికి గూడ ఒక కేసున్నది. మీ దగ్గరికి తోలియ్యాలెనా?"

"మమ్మల్ని అబద్ధం చెప్పమని అడగనంటే తోలియ్యండి," అన్నారు మేడం.