ఆశన్న ఇరవై ఐదో చుట్టు

తెల్లవారుజామున కాలువ గట్టు మీదికి రాగానే ఆశన్న మొదలు నీళ్ల దగ్గరికి దిగుతాడు. బాన్సువాడ మీదుగా పారే నిజాంసాగర్ కాలువలో కుడిచెయ్యి ముంచి, కళ్లకద్దుకుని, "ఆంజనేయస్వామీ, కాళ్లు నీయి, ఊపిరి నీది, నోరు ఒక్కటే నాది" అంటాడు. తర్వాత రాతిమెట్ల మీద నీరు ఎంతవరకు ఎక్కిందో చూస్తాడు. కాలువకు కాపుండి నీళ్లు వదిలే లష్కర్ కొలువు నుంచి దిగిపోయి ఎనిమిదేళ్లయింది. నీరెంతుందని ఆయన్ను అడిగేవాడు లేడు. అయినా చూస్తాడు. ఎండకాలం కాలువ ఎండితే, గుంటలో నిలిచిన చెంబెడు నీళ్లతోనే ఆ మొక్కు కానిస్తాడు. ఆ తర్వాతే పరుగు. పరుగుతో పాటే తిట్లు.

ఈ మధ్య గట్టు మీద జనం పెరిగారు. డాక్టరు భయపెడితే వచ్చినవాళ్లు కొందరు, ఫోటో దిగడానికి వచ్చినవాళ్లు కొందరు. ఆశన్న వాళ్లలో ఒక్కరినీ వదలడు.

"ఏం సారూ, ఎన్ని అడుగులైనయ్?" అని బ్యాంకు గుమాస్తాను ఆపి అడుగుతాడు.

గుమాస్తా మణికట్టు తిప్పి చూసుకుని, "నాలుగు వేలు, తాతా" అంటాడు.

"నీ గడియారం మంచిగ నడుస్తుంది. నువ్వెప్పుడు నడుస్తవ్?"

కొత్త బూట్లవాడు ఎదురొస్తే, "బూట్లు ఉరుకుతున్నయ్, వీడు వాటి మీద కూసోని పోతుండు" అంటాడు. సిరీష టీచరమ్మ నడకను చూసి, "పెండ్లికి పోతున్నవా అమ్మా, ముహూర్తం దాటిపోతది" అంటాడు. ఆమె నవ్వి ఊరుకుంటుంది. గట్టు మీద గాజుపెంకు కనబడితే వంగి ఏరి ముళ్లకంపలో పడేసేది ఆ టీచరమ్మే. ఆశన్న వట్టికాళ్లతో ఉరుకుతాడని ఆమె అలా చేస్తుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసీ తిడతాడు. మనిషి మంచిదైనంత మాత్రాన నడక బాగుపడదు కదా అని ఆయన వాదన.

ఆయనకు పరుగు నేర్పిన గురువు లేడు. నీళ్లే నేర్పాయి. కొలువులో చేరిన కొత్తలో, పైన షట్టర్ ఎత్తి నీళ్లు వదిలితే, కింద రుద్రూర్ వైపు తూముల దగ్గర కాచుకున్న రైతులకు కబురు అందాలి. ఫోన్లు లేవు. సైకిల్ మీద పోదామంటే వానకు రేగడి మన్ను చక్రాలకు ముద్దలు కట్టేది. ఇగ ఏం చేస్తాడు? చెప్పులు చేతబట్టుకుని గట్టు మీద ఉరికేవాడు. కాలువలో నీళ్లు, గట్టు మీద ఆయన. నీళ్లకంటే ముందు తూముకు చేరితే గెలిచినట్టు. నీళ్లు మోసం చేయవు. వెనక నక్కి ఉండి ఆఖర్న దాటిపోవు. వాటి వేగం ఎంతో అంతే. అలాంటి దానితో పందెం కాసినవాడు కాబట్టి, మనుషులతో పందెమంటే ఆయనకు మొదటినుంచీ చులకనే.

మొట్టమొదటిసారి ఉద్యోగుల ఆటల పోటీలకు పేరిచ్చినప్పుడు గుమాస్తాలంతా తెల్ల బూట్లతో వచ్చారు. ఈయన లాగు, బనీను, మట్టికాళ్లు. "లష్కర్ మనకు నీళ్లు తాపడానికి వచ్చిండా?" అని నవ్వారట. నవ్వినవాళ్లందరినీ ఒక చుట్టు వెనకేసి వచ్చాడు. బహుమతిగా ఇచ్చిన స్టీలు టిఫిన్‌ను చూపించి, "గీ డబ్బకు అడుగు పలచగుంది, ఇచ్చినోళ్ల బుద్ధి తీరుగనే" అన్నాడు. అదే టిఫిన్‌లో ఇరవై ఏళ్లు అన్నం తీసుకుపోయాడు.

ఆ తర్వాత వచ్చాడు రాజాబాబు.

వర్ని దగ్గరి క్యాంపు మనిషి. తాతల కాలంలో కాలువ నీళ్లను నమ్ముకుని కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. వరి పండిస్తాడు, పొద్దున పొలం గట్ల మీద ఉరుకుతాడు. ఆశన్నకంటే అయిదు నెలలు చిన్న. ఎప్పుడు జిల్లా పోటీ జరిగినా ఇద్దరూ ఒకే వయసు వర్గంలో పడతారు. రాజాబాబు ఎప్పుడూ ఆశన్న వీపు వెనకాలే ఉంటాడు. గాలి ఆశన్న మీద కొడుతుంది, ఎండ ఆశన్న మీద పడుతుంది, దుమ్ము ఆశన్న తింటాడు. ఆఖరి చుట్టు వచ్చేసరికి వెనక నుంచి మెల్లగా ఒక మాట వినబడుతుంది: "వస్తానండీ."

ఆ మాట అని మరీ దాటిపోతాడు.

"దాటిపోయేటోడు దాటిపోక మర్యాదేంది వానికి?" అని ఆశన్న ఇంట్లో మండిపడేవాడు. "పందికొక్కు తీరుగ నా నీడల దాక్కుని, ఆఖర్న చుట్టమొచ్చినట్టు పలకరిస్తడు."

నిజామాబాద్‌లో రెండుసార్లు, బోధన్‌లో నాలుగుసార్లు, కామారెడ్డిలో అయిదుసార్లు. పదకొండు పందేలు. పదకొండుసార్లూ ఆఖరి చుట్టులోనే ఓడాడు. బోధన్‌లో ఒకసారి వానలో గీత దాటగానే పిక్క పట్టేసి ఆశన్న కింద పడిపోయాడు. రాజాబాబు తన మెడల్ సంగతి పక్కన పెట్టి, బురదలో కూర్చుని అరగంట పిక్క రుద్దాడు. తన సీసాలోని ఉప్పు మజ్జిగ తాగించాడు. ఇంటికొచ్చాక ఆశన్న భార్యతో చెప్పిన ముక్క ఒక్కటే: "గా మజ్జిగ పులిసింది."

భార్య గంగవ్వ బీడీలు చుడుతుంది. నలభై ఏళ్లుగా ఒడిలో చాట, చేతిలో కత్తెర, పక్కన తునికాకు. పెనిమిటి పందెం ఒక్కటీ చూడలేదు. ఈ ఏడు పోటీలు బాన్సువాడలోనే, కాలేజీ గ్రౌండులో పెట్టారు. అయిదు కిలోమీటర్ల పరుగు. మొదట వచ్చినవాడు హైదరాబాదులో రాష్ట్ర పోటీకి పోతాడు. ఆశన్న ఇన్నేళ్లలో అక్కడికి పోనేలేదు. ఇప్పుడు అరవై ఆరేళ్లు, ఎడమ మోకాలు చలికాలం మాట వింటలేదు. మళ్లీ ఏడు ఎవరు చూడొచ్చారు?

"ఇన్నేండ్లు ఓడిపోయి వచ్చినంక మొఖం చూసిన" అంది గంగవ్వ. "ఓడిపోయేటప్పుడు ఎట్లుంటదో చూస్త ఈసారి." చాట చంకన పెట్టుకుని వచ్చింది.

పందెం ఏడింటికన్నారు. వేదిక మీద శాలువాలు కప్పడం ఏడింటికి మొదలై తొమ్మిదిన్నర దాటినా తెగలేదు. జీవితంలో బస్సు వెంట కూడా ఉరకనివాళ్లు పరుగు వల్ల ఆరోగ్యమని మైకులో బోధించారు. ఆశన్నకూ ఒక శాలువా కప్పారు. "ఉరకాల్సినోన్ని ఉడకబెడుతుండ్రు" అని దాన్ని మడిచి గంగవ్వకిచ్చాడు. ఆమె దాని మీద కూర్చుంది.

అరవై అయిదు దాటినవాళ్ల పరుగుకు ముగ్గురే వచ్చారు: ఆశన్న, రాజాబాబు, తండా నుంచి లాల్‌సింగ్.

"ముగ్గురు ఉరికితే ముగ్గురికీ మెడళ్లా? గంతకంటే ఇంటికే పంపియ్యరాదు?" అన్నాడు ఆశన్న.

"నాకు మూడోదే కావాలె అన్నా, నేను మెల్లగొస్త" అన్నాడు లాల్‌సింగ్ సంతోషంగా.

గ్రౌండు చిన్నది. సున్నంతో గీసిన బాట ఒక చుట్టుకు రెండు వందల మీటర్లు. ఇరవై అయిదు చుట్లు తిరగాలి. చుట్లు లెక్కపెట్టాల్సిన మనిషి ఉప్మాకు పోయి తిరిగి రాలేదు. పోటీలు నడిపే భూమేశ్ సారు ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో టైము గడియారం పట్టుకుని, "ముసలోళ్ల పందెమే గద, ఎవలన్న లెక్క పెట్టుండ్రి" అన్నాడు.

"నేను పెడ్త సారూ" అంది గంగవ్వ. "ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట. రోజుకు నలభై కట్టలు లెక్కపెడ్త. గీ ఒక్క కట్టకేమైతది?"

ఈల మోగింది. ఆశన్న ముందుకు దూకాడు, రాజాబాబు అలవాటు చొప్పున వెనక చేరాడు. గంగవ్వ చాటలో ఒక్కో ఆకు వేస్తూ గొంతెత్తి లెక్క పెడుతుంటే, భూమేశ్ సారు ఫోనులోంచి తల ఎత్తకుండా దాన్నే కాగితం మీదికి ఎక్కిస్తున్నాడు. ఆశన్న లెక్కపెట్టలేదు. ఉరికేటప్పుడు నోట్లో రామనామం, మనసులో రాజాబాబుకు తిట్లు. మూడో లెక్కకు అక్కడ చోటు లేదు.

"ఇరవై నాలుగు!" అంది గంగవ్వ. ఆఖరి చుట్టు గంట కొట్టారు.

వెనక అడుగుల చప్పుడు దగ్గరగానే ఉంది. ఆశన్న వీపంతా చెవి చేసుకుని ఆ మాట కోసం ఎదురుచూశాడు. మలుపు తిరిగాడు, రాలేదు. ఇంకో మలుపు, రాలేదు. రిబ్బను ఛాతీకి తగిలింది.

గంగవ్వ చాట కిందపెట్టి, మట్టి తీసి నొసటికి రాసుకుని, ఏడుస్తూ నవ్వింది. రాజాబాబు మాత్రం గీత దాటి ఆగలేదు. నాలుగైదు అడుగులు అదే వేగంతో పోయి, వెనక్కి చూసి ఆగాడు. భూమేశ్ సారు వైపు నోరు తెరిచాడు. అప్పుడే గంగవ్వను చూశాడు. తెరిచిన నోరు మూసుకుని వచ్చి చేతులు జోడించాడు. "గెలిచారండీ, ఆశన్నగారూ."

"ముసలోనివైపోయినవ్ రాజాబాబూ. ఇగ మజ్జిగ తాగి ఇంట్ల కూసో" అన్నాడు ఆశన్న, మెడలో మెడల్ సర్దుకుంటూ.

షామియానా కింద కూర్చున్నాక అనుమానం పుట్టింది. ఊపిరి తొందరగా కుదుటపడింది. పందెం చివర బిగిసే పిక్క బిగియలేదు. మైకులో తన టైము చదివారు. రోజూ గట్టు మీద, చల్లపూట అంతే దూరం ఉరికేదానికంటే నిమిషం పైన తక్కువ. ఎండలో, వట్టికాళ్లతో, అరవై ఆరేళ్లకు ఏ దేవుడు నిమిషం తగ్గించాడు?

"ఆకులు ఎన్నున్నయే?" అని అడిగాడు.

గంగవ్వ లెక్కపెట్టింది. "ఇరవై అయిదు. చూసుకో, ఒక్కటి తక్కువ లేదు."

"మొదటి ఆకు ఎప్పుడేసినవ్?"

"నువ్వు గీత మీదికెల్లి కాలు తియ్యంగనే. లాభం అని వేసిన. వడ్లు కొలిచేటప్పుడు మొదలు కుంచం ఎత్తంగనే లాభం అనమా? తర్వాత రెండు, మూడు. కొత్తగ అడుగుతున్నవేంది?"

ఆశన్నకు అర్థమైంది. వాళ్ల ఇంట్లో ఎవరూ ఏ లెక్కనూ ఒకటి అని మొదలుపెట్టరు, మొదటిది లాభమే. కొలిచేటప్పుడు ఎత్తిన కుంచం ఎత్తినట్టే రాశిలో పడుతుంది. కానీ చుట్టు తిరిగి వస్తేగాని చుట్టు కాదు. మొదటి ఆకు బయలుదేరినందుకు పడింది, తిరిగి వచ్చినందుకు కాదు. ఉరికింది ఇరవై నాలుగు చుట్లే. ముగ్గురూ అంతే. ఆఖరి చుట్టు అసలు జరగనే లేదు.

"మంచిగ పెట్టినవ్" అని ఆమెకు చెప్పి, భూమేశ్ సారు దగ్గరికి పోయాడు.

సారు విని, ఫోను జేబులో పెట్టుకున్నాడు. "పెద్దాయనా, సర్టిఫికెట్ రాసుడైంది, ఫోటో పంపుడైంది. గెలిచినోడే లొల్లి పెట్టుడు నేనేడ చూడలే."

"ఒక చుట్టు తక్కువుంది సారూ."

"ఉంటే? లెక్క పెట్టింది మీ ఆమెనే గద. సరే, మైకుల చెప్త. గంగవ్వ అనే ఆమె లెక్క తప్పింది, పందెం చెల్లదు అని. చెప్పాల్నా?"

ఆశన్న వెనక్కి చూశాడు. గంగవ్వ లాల్‌సింగ్‌కు మెడల్ తిప్పి తిప్పి చూపిస్తోంది. పక్కన నలుగురు ఆడవాళ్లు చేరారు. "లెక్క నాదే" అని వాళ్లకు చెబుతోంది.

"వద్దు" అన్నాడు. "ఉప్మాకు పోయినోన్ని పేరు పెట్టి పిలిచినప్పుడు, ఆమె పేరు కూడ పిలుద్దువు." అలా అని వచ్చేశాడు గానీ, నోట్లో తిట్టు ఎవరి మీద ఉమ్మాలో తెలియలేదు. పదకొండుసార్లు ఓడినప్పుడు తిట్టడానికి రాజాబాబు ఉన్నాడు. ఈ గెలుపుకు తిట్టడానికి తనొక్కడే మిగిలాడు.

రాజాబాబు గేటు దగ్గర మోటారుసైకిల్‌కు సంచి కడుతున్నాడు.

"నువ్వు లెక్కపెట్టుకున్నవ్ గద?" అన్నాడు ఆశన్న.

"ఏవిటండీ?"

"చుట్లు. ఎన్ని?"

రాజాబాబు తాడు ముడి వేసి, మళ్లీ విప్పాడు. "ఇరవై నాలుగండీ."

"ఎందుకు నోరు తెరవలే మరి? నీకు దయ ఎక్కువైందా? నీ దయ తినేటంత గతి లేనోన్నా నేను?"

"అక్కగారు అంత సంతోషంగా ఉన్నారు. ఒక్క పందెమే కదండీ, పోతే పోయింది."

ఆశన్నకు ఏదో గట్టి మాట అనాలనిపించింది. నాలుక మీదికి వచ్చింది కూడా. మింగేశాడు. మెడలోని మెడల్ తీసి మోటారుసైకిల్ హ్యాండిల్‌కు తగిలించాడు.

"రాజాబాబూ" అన్నాడు. ముప్పై ఏళ్లలో ఆ పేరును తిట్టు తోక లేకుండా అనడం అదే మొదలు. "నిన్ను నేను ఎప్పుడు ఏదీ అడగలే. ఇప్పుడొకటి అడుగుతున్న. గా సున్నం గీత చెరగక ముందే ఇంకొక్క చుట్టు నాతోని ఉరుకు. నేను ముందటొస్తే హైదరాబాదు నేను పోత. నువ్వొస్తే నువ్వు పో. నా మోకాలు నొస్తుందని నేనే కాగితం రాసిస్త, లెక్క మాట ఎక్కడా రాదు. గంగవ్వ అడిగితే ముసలోళ్లకు తిక్క లేసిందని చెప్త. కానీ జాలిపడి మెల్లగ ఉరుకకు. గంతే. గా ఒక్క సాయం చెయ్యి."