కంటి వెనక వెలుగు చూసిన తోడల్లుడు

మా తోడల్లుడు పోయారని కబురొచ్చేసరికి నేను సాలూరులో లారీ షెడ్డు పక్కన బైబిలు వాక్యం చెబుతున్నాను. గుండె ఆగిపోయిందట. మైకు పక్కవాడి చేతికిచ్చి కూలబడ్డాను. ఏడుపు రాలేదు. మొదట వచ్చిన ఆలోచనేమిటో మీకు చెప్పేస్తాను, దేవుడు ఎలాగూ విన్నాడు: ప్రభువు దగ్గరికి కూడా నాకంటే ముందే వెళ్ళిపోయాడే ఈయన!

ఆయన మా ఆవిడ అక్క భర్త. భావనపాడులో వలలు లాగే ఇంట్లో పుట్టి విశాఖలో స్కానింగు డాక్టరయ్యారు. నేను పదో తరగతి దాటనివాణ్ణి. వాక్యం నాకు నేనే నేర్చుకున్నాను. పాతపట్నంలో అత్తవారింటికి ఇద్దరం కలిసి వెళ్తే ఫ్యాను కింద కుర్చీ ఆయనది. వడ్లు ఎప్పుడు అమ్మాలో కూడా మా మావ ఆయన్నే అడిగేవాడు. పొరుగువాడి ఎద్దునీ గాడిదనీ ఆశించకూడదని ఆజ్ఞ ఉంది కదా, తెలివి సంగతి అందులో లేదేమోనని వెతికాను. పొరుగువాడిదేదీ ఆశించకూడదని ఉంది. గ్రంథం మూసేశాను.

ఒక ఏడు మా ఆవిడకి ఎడమ కనురెప్ప వాలిపోయింది. ఎత్తి పట్టుకుంటే ఒక మనిషి ఇద్దరుగా కనబడేవాడు. నూనె రాసి ప్రార్థించాను, ఉపవాసాలున్నాను. రెప్ప లేవలేదు. ఎమ్మారై తీస్తే కంటి వెనక, మెదడుకి ఆనుకుని, కంటిని తిప్పే నరాలు నడిచే చిన్న రక్తపు గదిలో వాపుందన్నారు. ఒక డాక్టరు వట్టి వాపే అన్నాడు. ఇంకొకాయన క్యాన్సర్ కావచ్చన్నాడు. అక్కడ ముక్క తీసి చూడాలంటే కన్నే పోవచ్చు, మనిషే పోవచ్చు.

తోడల్లుడు పెట్ స్కాన్ చేద్దామన్నారు. "సక్కెర లాంటి మందు సూదితో ఎక్కిస్తాం తమ్ముడూ. జబ్బున్న సోట ఆబగా తినేస్తాది. తిన్న సోటు తెర మీద వెలుగుతాది." ఏమీ తినకుండా రమ్మన్నారు. ఆ తెల్లవారుజామున సంఘం ఆడవాళ్ళు ఇంటికొచ్చి, ఉపవాస ప్రార్థన ముగించి వెళ్ళారని నాకు తెలుసు. ఎలా ముగించారో తెలీదు.

"ఏటి తిన్నావే పిల్లా?" అని ఆసుపత్రిలో మా ఆవిడని అడిగారాయన.

"ఏటీ లేదు బావా. ఉపవాసమే కదా. ఆఖర్న ద్రాక్షరసం తాగినాను, అంతే."

"గ్లాసుడా?"

"అది తిండి కాదు బావా, ప్రభువు రక్తం!"

"ప్రభువుదైనా సక్కెరేనే తల్లీ! ఒళ్ళంతా అది తాగి కూకుంటే నా మందు ఎవుడు తాగుతాడు? రేపు రా." నా వైపు తిరిగి, "ఏటి తమ్ముడూ, మీ సంఘంలో ఉపవాసం ఇంత తియ్యగుంటాదా?" అన్నారు. నర్సులు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

మర్నాడు ఆయన తెర ముందు కూర్చున్న తీరు మర్చిపోలేను. మెదడంతా వెలుగే. "మెదడు ఎప్పుడూ తింటానే ఉంటాది. దాని పక్కనున్న సిన్న వెలుగుని ఇడదీసి సూడాల" అని, ఒక్కో బొమ్మనీ ముందుకీ వెనక్కీ తిప్పి తిప్పి చూశారు. వాక్యాన్ని నేను ఏనాడైనా అంత ఓపిగ్గా చదివానా అనిపించి, ఆ ఓపిక మీద కూడా కుళ్ళుకున్నాను. చివరికి మెడలో ఇంకో చుక్క చూపించారు. "ఎలిగిందని అడిలిపోకూడదు. ఎందుకెలిగిందో అడగాల" అనేది ఆయన ఎప్పుడూ చెప్పే మాట. తలలో కత్తి పెట్టకుండా, మెడలో సూది గుచ్చి ముక్క తీయించి అడిగించారు. క్యాన్సర్ కాదు, క్షయ. మందులున్న జబ్బు.

మాత్రలు మింగగా మింగగా రెప్ప లేచింది. మందిరంలో సాక్ష్యం చెప్పడానికి నిలబడి మా ఆవిడ, "దేవుడికి స్తోత్రం, మా బావకి వందనం" అని కూర్చుంది. మోకాళ్ళు అరిగేలా ప్రార్థించిన మొగుడు ఎదురుగానే ఉన్నాడు! తోడల్లుడి దగ్గర ఆ ఉక్రోషం వెళ్ళగక్కితే నవ్వేశారు. "నువ్వు అడిగినావు, నాను సూసినాను. జీతం నాకు, స్తోత్రం దేవుడికి. నీకేటి మిగల్లేదంటావేటి, పెళ్ళాం మిగిలింది కదరా!" అలాంటి జవాబు నాకెందుకు తట్టదు?

భావనపాడులో సమాధి దగ్గర వాక్యం నన్నే చెప్పమన్నారు. నా కూటాలకి ఏనాడూ రానంత జనం. వీధి చివరిదాకా వినబడే గొంతు నాది. రెండు మాటలు చెప్పి గ్రంథం మూసేశాను.

అక్కణ్ణించి వాళ్ళింటికొచ్చాక పక్కింటివాళ్ళు అన్నం, చేపల కూర తెచ్చారు. వదిన ముట్టలేదు. మా ఆవిడ ఆమె పక్కన కూర్చుని చేపలో ముళ్ళు ఏరుతోంది. వెంట్రుకంత ముల్లు ఒకటి దొరికితే కిటికీ వెలుతురులోకి ఎత్తి, రెండు కళ్ళూ చికిలించి చూసి, కంచం అంచున పెట్టింది. అప్పుడు ముద్ద చేసి అక్క నోటికి అందించింది.