రెండు సిలిండర్లు, ఒక్క మీటరు

మా నాయన బండి రెండు సిలిండర్ల పాత మోటారు సైకిలు. ఇంజనుకు గాలీ పెట్రోలూ కలిపి పంపే కార్బురేటర్లూ దానికి రెండే. నేను బండి నడపడం నేర్చుకున్నది దాని మీదే. పోయిన వేసవిలో అది స్టార్ట్ చేసి నిలబెడితే చాలు, జ్వరమొచ్చిన మనిషిలా వణకడం మొదలుపెట్టింది. చిత్తూరులో ఒక మెకానిక్ చెవి పెట్టి విని, "ఇంజను పాయెనప్పా, పాత సామానుకు ఏసెయ్" అన్నాడు. ఏర్పేడు నుంచి ఒకాయన కొంటానంటే నాయన సరేనన్నాడు. ఆదివారం వచ్చి తోలుకుపోతాడట.

నాకు ఒళ్ళు మండింది. కాసేపు చెవి పెట్టి విని, ఇంజను చచ్చిందని తేల్చేస్తారా? మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి నా పని వ్యాక్యూమ్ మీటర్లు చూడటమే. గుజ్జును చిక్కబరిచే యంత్రం గాలిని ఎంత లాగుతోందో ముల్లు చూసి చెప్పాలి. ఇంజను కూడా గాలి లాగేదే. రెండు కార్బురేటర్లూ సమానంగా గాలి వదలకపోతే ఒక సిలిండరు పరిగెడుతుంది, రెండోది కాళ్ళీడుస్తుంది. బండి వణకదా మరి?

"ఆదివారంలోపు నేను బాగు చేస్తే అమ్మవు కదా నాయనా?"

"చేసి సూపించు, సూద్దాం" అన్నాడు. ముఖంలో నమ్మకం మాత్రం లేదు.

శనివారం పొద్దున బండిని పెరట్లో నిలబెట్టి, ఇంజను వేడెక్కకుండా ముందు టేబుల్ ఫ్యాను పెట్టాను. పాత సామాన్ల కొట్లో కొన్న రెండు మీటర్లను సెలైన్ గొట్టాలతో చెరో సిలిండరుకు తగిలించాను. బండి స్టార్ట్ చెయ్యగానే ముళ్ళు పిచ్చిగా కొట్టుకున్నాయి. గొట్టం మీద ఉండే చిన్న చక్రం తిప్పి దారి సన్నం చేస్తే కుదురుకున్నాయి. కార్బురేటర్ల స్క్రూలు తిప్పీ తిప్పీ రెండు ముళ్ళనూ ఒకే గీత మీదికి తెచ్చాను. గొప్పగా లేచి నడుం మీద చేతులు పెట్టుకున్నాను.

బండి ముందటికంటే ఎక్కువ వణికింది.

"నిన్ననే మేలుగా ఉన్నింది పాపా" అని నాయన నవ్వాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మధ్యాహ్నం అన్నం కలుపుతూ ఉంటే తట్టింది. ఫ్యాక్టరీలో సీజను మొదలయ్యే ముందు ప్రతి మీటరునూ ఒకే పైపుకు తగిలించి చూస్తాం, తేడా చూపించేదాన్ని పక్కన పడేస్తాం. ఇంట్లో ఆ బుద్ధి ఏమైంది? చెయ్యి కడుక్కుని పరిగెత్తాను. రెండు మీటర్లనూ ఒకదాని తర్వాత ఒకటి ఒకే సిలిండరుకు పెడితే రెండు గీతల తేడా! పొద్దుటి నుంచీ నేను బండిని బాగు చెయ్యలేదు, మీటరు చెప్పిన అబద్ధానికి తగ్గట్టు చెడగొట్టాను.

ఏ మీటరు అబద్ధమాడుతోందో నాకు తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. ఒక మీటరును తీసేసి, ఒక్కదాన్నే అటూ ఇటూ మార్చి పెడుతూ, మీటరు లేని వైపు గొట్టం తగిలించే రంధ్రం మూస్తూ స్క్రూలు తిప్పాను. నాలుగోసారికి రెండు వైపులా ముల్లు ఒకే గీత చూపించింది. వణుకు ఆగింది. ఇంజను ఒకటే గొంతుతో మాట్లాడింది. నాయన వచ్చి హ్యాండిల్ మీద చెయ్యి వేసి, చాలాసేపు తియ్యలేదు.

ఆదివారం ఏర్పేడు ఆయన వచ్చాడు. నాయన బండి స్టార్ట్ చేశాడు.

"ఇదేనా అప్పా, పాయిందన్న బండి? భలే ఉండాదే!" అన్నాడాయన.

"నీకు మాటిచ్చినాను, తప్పు నాదే" అన్నాడు నాయన. "కానీ ఈ బండి ఇప్పుడు నాది కాదప్పా, మా పాపది. కావాలంటే ఆ పిల్లనే అడుగు."

ఆయన నా వైపు తిరిగాడు.

"ఇచ్చేది లేదు" అన్నాను, వీధి చివరి దాకా వినబడేలా.