నొప్పి తగ్గిందన్న మనిషి

1997లో నేను అమలాపురంలో ఒక చిన్న నర్సింగ్ హోంలో స్టాఫ్ నర్సుగా పనిచేసేదాన్ని. పది మంచాలు, ఒక ఆపరేషన్ థియేటరు. మత్తు ఇచ్చే డాక్టరుగారు మాత్రం కబురు పెడితే వచ్చేవారు.

శ్రావణమాసంలో ఒక ఉదయం, కొత్తపేట దగ్గర పల్లె నుంచి మంగతాయారు అనే ఆవిణ్ణి భర్త సూరిబాబు ఆటోలో తీసుకొచ్చాడు. ముప్ఫై అయిదేళ్లుంటాయి. రెండు రోజులుగా కడుపునొప్పి. నర్సింగ్ హోం నడిపే మా సర్జన్ డాక్టరుగారు పొట్ట కుడివైపు కింద నొక్కి చూసి అపెండిసైటిస్ అన్నారు. పేగుకు తోకలా ఉండే చిన్న భాగం వాచి చీము పట్టడమన్నమాట. ఆ పూటే ఆపరేషన్ చేయాలన్నారు.

ఖర్చు విని సూరిబాబు గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. డబ్బు లేక కాదు. ఆవిడ ఇంటిపనికి కువైట్ వెళ్లడానికి అప్పు చేసి తెచ్చిన వీసా డబ్బుంది. ఆ వారంలోనే ఏజెంటుకు కట్టాలి. ఆలోచించుకుంటానని వరండాలోకి వెళ్లాడు.

నేను సెలైన్ పెడుతుంటే ఆవిడ, "కోత కోస్తే బరువులెత్తకూడదంట గదండీ. అక్కడ పనికెవరు పెట్టుకుంటారండీ?" అని అడిగింది. కొన్నాళ్లకు అన్ని పనులూ చేసుకోవచ్చని చెప్పాను గానీ, విన్నట్టు లేదు.

గంట గడిచాక పిలిచింది. మొహంలో అంతవరకూ లేని తేలిక.

"నొప్పి తగ్గిపోయిందండి సిస్టరుగారూ. ఈ సూది తీసేయండి, ఎల్లిపోతాం."

నాకూ ప్రాణం కుదుటపడింది. పాపం, వీసా డబ్బు మిగిలిందనుకున్నాను. సూరిబాబు అప్పుడే ఆటో కోసం బయల్దేరాడు. డాక్టరుగారికి చెప్పాలి కదా అని నాడి చూశాను. నా వేళ్ల కింద పరుగెడుతోంది. పొట్ట మీద చెయ్యి వేస్తే చెక్కలా బిగిసి ఉంది.

"నిజం చెప్పండమ్మా. డబ్బు కోసం అంటున్నారా?"

"కాదండి, ఒట్టు. నిజంగానే తగ్గిందండి."

ఆవిడ నిజమే చెప్పింది. భయపడాల్సింది అందుకే. వాచిన అపెండిక్స్ పగిలితే కాసేపు నొప్పి సద్దుమణుగుతుంది, లోపల చీము మాత్రం పాకుతూనే ఉంటుంది. చదువుకున్నదే గానీ, కళ్లతో చూడడం అదే మొదలు. డాక్టరుగారి గదికి పరుగెత్తాను.

ఆటోతో తిరిగొచ్చిన సూరిబాబు ఒప్పుకోలేదు. తగ్గిన నొప్పికి ఆపరేషనేమిటన్నాడు. డాక్టరుగారు కోప్పడలేదు. మత్తుకీ మందులకీ ఇప్పుడు కట్టి, తన ఫీజు వీలున్నప్పుడు ఇమ్మన్నారు. అయినా కదల్లేదు. చివరికి అతని చెయ్యి తీసుకెళ్లి ఆవిడ పొట్ట మీద పెట్టించాను. ఆ గట్టిదనం తగలగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఆయ్, కానివ్వండి," అని కాగితం మీద సంతకం పెట్టాడు.

పొట్ట తెరిస్తే అంతా చీమే. కడిగి, మిగిలిన చీము బయటికి పోవడానికి గొట్టం పెట్టి కుట్టారు. మూడు రోజులు జ్వరం దిగలేదు.

పన్నెండో రోజున డిశ్చార్జి. అప్పటికి వీసా ఇంకెవరికో వెళ్లిపోయింది. గుమ్మం దగ్గర ఆవిడ ఆగి, "మీ మీద చాలా కోపమొచ్చిందండి. వదిలేసుంటే ఎల్లిపోయేదాన్ని గదా అనుకున్నాను. ఎక్కడికెల్లిపోయేదాన్నో నిన్న డాక్టరుగారు చెప్పేరండి," అంది.

ఆ తర్వాత ఎంతోమంది నాతో నొప్పి తగ్గిందన్నారు. నాడి చూడకుండా ఎవరి మాటా నమ్మలేదు. వాళ్లు అబద్ధమాడతారని కాదు. ఆ రోజు తగ్గిందన్న మాట వినగానే, అందరికంటే ముందు నమ్మేసింది నేను. ఇంటికి పంపేయాలన్న తొందర జాలిపడ్డ నర్సుకూ ఉంటుందని ఆ మంచం దగ్గరే తెలిసింది.